వాగ్దానపు కార్డు వచ్చింది, గుంటలు కౌలుకు తీసుకోనా?

ప్రశ్న: వందనాలండీ. కావలిలో ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాను, జీతం 22 వేలు. అల్లూరు వైపు నాలుగెకరాల రొయ్యల గుంటలు మూడేళ్ల కౌలుకు వస్తున్నాయి. ఉద్యోగం మానేసి రా, ఇద్దరం చేద్దామని మా బావమరిది అడుగుతున్నాడు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకొచ్చిన వాగ్దానపు కార్డు మీద ఉన్న బైబిలు వచనం ‘విశాలమైన స్థలమునకు ఆయన నన్ను తోడుకొని వచ్చెను’. ఆదివారంలోగా కౌలు తగ్గిస్తే అది దేవుని చిత్తమేనని గుర్తు పెట్టుకుంటే, శనివారమే తగ్గించారు. నా భార్య మాత్రం ఒప్పుకోవడం లేదు. విశ్వాసంతో ముందుకెళ్లమంటారా? (కావలి పాఠకుడు)

జవాబు: ఆ మాట 18వ కీర్తన 19వ వచనం. సౌలు చేతిలోంచి, శత్రువులందరి చేతిలోంచి తప్పించిన రోజున దావీదు పాడిన కీర్తన అని పైనే రాసి ఉంది. చావు తప్పించుకున్నవాడి కృతజ్ఞత అది, గుంటల విస్తీర్ణం సంగతి కాదు. కార్డు మీద ఒక్క వరుసే పడుతుంది. ఇంటికెళ్లాక అధ్యాయమంతా చదువుకోవాలి. అపవాది కూడా యేసు ముందు కీర్తనలోంచి ముక్క తెంపి చూపించినవాడే (మత్తయి 4:6).

ఇక గుర్తు. ఉన్ని పరచి, దాని మీద మంచు పడటాన్ని దేవుని గుర్తుగా అడిగిన గిద్యోనును అందరూ చెబుతారు. ‘వెళ్లు’ అనే ఆజ్ఞ అతనికి న్యాయాధిపతులు 6:14లోనే వచ్చేసింది, ఉన్ని పరచింది 36వ వచనం తర్వాత. చిత్తం తెలియక కాదు, తెలిశాక భయం తీరక అడిగాడు. మీకు అలాంటి ఆజ్ఞేమీ రాలేదు. కౌలు ఉన్నట్టుండి ఎందుకు తగ్గిందో పక్క గుంటల రైతుల్ని కదిపి చూడండి. పోయిన పంటకు తెల్లమచ్చ జబ్బు తగిలిందా, కరెంటు నిలకడగా ఉంటుందా, కాలువ నీళ్లు అందుతాయా? ఆ జవాబులు వినడం అవిశ్వాసం కాదు.

‘తలుపు తెరుచుకుంది కదా’ అనే మాట మన సంఘాల్లో మరీ తేలికగా వాడేస్తున్నాం. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం తోసుకొస్తున్నా ఏడాదికి పైగా ఆపేశాడు. తిండి కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో తేలాలన్నది ఆయన పట్టుదల. సహాయం ముగిశాకే ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తలుపు బార్లా తెరిచున్నా ఆగాల్సినచోట ఆగడం కూడా విధేయతే.

కాబట్టి లూకా 14:28 చెప్పినట్టు ముందు కూర్చుని లెక్క వేయండి. ఒక టన్ను రొయ్య పట్టాలంటే దగ్గర దగ్గర టన్నున్నర మేత పోస్తారు. సీడు (రొయ్య పిల్లలు), డీజిలు, కరెంటు, మందులు, కూలీలు వేరే. మీ వాటా పది లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకు 20 వేలు వడ్డీ. అంటే మీరు వదులుకుంటున్న జీతానికి కొంచెం తక్కువ. నాలుగు నెలల పంటకు 80 వేలు. నలభయ్యో రోజున జబ్బు తగిలి గుంట ఖాళీ చేసినా ఆ వడ్డీ ఆగదు. ఆ ఎనభై వేలు, అసలు ఎక్కడినుంచి కడతారో పేరుపేరునా కాగితం మీద రాయగలిగితేనే తర్వాతి మాట.

మూడేళ్ల కౌలు అంటున్నారు. ఏడాది దాటే కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, తెల్లకాగితం ఒప్పందం నిలబడదు. ఆ గుంటలకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ (తీరప్రాంత చెరువులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. బావమరిదితో లాభనష్టాల వాటా ముందే రాసుకోండి. చుట్టరికం ఉన్నచోటే ఈ కాగితం ఎక్కువ అవసరం.

మీ ఆవిడ అడ్డం చెబుతున్నారని రాశారు గానీ, ఎందుకో రాయలేదు. ముందు అది అడగండి. ఆమె ఇష్టం లేకుండా నగలు తాకట్టు పెట్టే పని మాత్రం వద్దు. నెహెమ్యా యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న కబురు కిస్లేవు నెలలో విని, నాలుగు నెలల తర్వాత నీసానులో గానీ రాజు ముందు నోరు తెరవలేదు. యెరూషలేము చేరాక కూడా ఎవరికీ చెప్పకుండా రాత్రిపూట గోడలు తిరిగి చూశాడు. మీరూ ఈ పంటకు ఉద్యోగం వదలకుండా, పోయినా తట్టుకోగల సొంత డబ్బుతో చిన్న వాటా మాత్రం పెట్టి చూడండి. బావమరిది ఒప్పుకోకపోతే అదీ ఒక సమాచారమే.

ప్రశ్న: అమ్మాయికి సంబంధం వచ్చింది. అబ్బాయి విశ్వాసి. ఎనిమిది లక్షలు, పదిహేను సవర్లు అడుగుతున్నారు. మా సంఘం పాస్టరు అయ్యగారు దేవుని చిత్తమే అన్నారు. మూడు రోజులు ఉపవాసమున్నా మనసు నిలవడం లేదు. (ఒంగోలు సహోదరి)

జవాబు: అమ్మా, తేలిపోయిన దానికి ఉపవాసం ఎందుకు? 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. చట్టానికి లోబడమని రోమా 13 చెబుతోంది, పొరుగువాని సొత్తు ఆశించవద్దని పదో ఆజ్ఞ చెబుతోంది. అయ్యగారి మాట సలహా, ఆజ్ఞ కాదు. ‘కట్నం లేకుండా అయితే మాకు ఇష్టమే’ అని వాళ్ల పెద్దలకు అయ్యగారి ఎదుటే చెప్పండి. అబ్బాయి ఏమంటాడో గమనించండి. అమ్మాయి ఇష్టం గురించి మీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు, ముందు ఆమెను అడగాల్సింది.

ప్రశ్న: ప్రార్థన చేయకుండా మా చెల్లెలి భర్త బ్యాంకు అప్పుకు హామీ సంతకం పెట్టాను. వాయిదాలు కట్టడం లేదు. దేవుణ్ణి అడగకుండా చేసిన పని కదా, తప్పుకోవచ్చా? (కోవూరు పాఠకుడు)

జవాబు: యెహోషువ కూడా, దూరదేశం వాళ్లమని అబద్ధమాడి వచ్చిన గిబియోనీయులకు యెహోవాను అడగకుండానే ప్రమాణం చేశాడు (యెహోషువ 9:14). మోసమని తెలిశాక కూడా మాట తప్పలేదు. చట్టమూ మీ మాట వినదు. ఒకసారి ఇచ్చేసిన అప్పుకు పెట్టిన హామీని మీ అంతట మీరు వెనక్కి తీసుకోలేరు. బ్యాంకు ముందు ఆయన్నే పట్టుకోవాలన్న నియమమూ లేదు, నేరుగా మీ దగ్గరికే రావచ్చు. సామెతలు 6:1-5 ఇలాంటివాడికి నిద్రపోకుండా వెళ్లి బతిమాలుకోమంటుంది. ఈ వారమే ఆయన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. బాకీ ఎంతో స్టేట్‌మెంటు తీసుకోండి. వాయిదాలు తిరగరాస్తారేమో, మీ బదులు వేరే హామీగానీ ఆస్తి తనఖాగానీ ఒప్పుకుంటారేమో రాతపూర్వకంగా అడగండి. మీరే కట్టాల్సి వస్తే ప్రతి రసీదూ మీ పేరుమీదే తీసుకుని దాచండి. కట్టిన మొత్తం ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు మీకుంది.