చింతచెట్టు కొట్టి షెడ్డు వేయాల్నా?

ప్రశ్న: వందనాలు అన్నా. మాది నల్లగొండ దగ్గర ఊరు, మా చర్చి కాంపౌండ్‌ల పెద్ద చింతచెట్టు ఉంది, బండ్లు పెట్టుకునేటందుకు రేకుల షెడ్డు వేయాలని దాన్ని కొట్టేద్దాం అంటున్నరు సంఘపెద్దలు. నేను వద్దంటే ఆదికాండం 1:28 తీసి భూమిని ఏలమని దేవుడే చెప్పిండు కదా అంటున్నరు. ఏం చెప్పాలె?

జవాబు: తమ్ముడూ, ఇంకో పేజీ తిప్పమను. 2:15ల దేవుడు ఆదామును ఏదెను తోటల పెట్టింది సేద్యం చేయనీకి, కాయనీకి అని ఉంది, 2015ల పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణం గురించి రాసిన లౌదాతో సీ లేఖల కూడా ఈ వచనమే ఎత్తిండు. కాయడం మనకు కొత్తనా? బత్తాయి తోట కాడ రాత్రి కాపలా పండుకునేటోణ్ని అడుగు, తోట ఆయనది కాదు కానీ కొమ్మ విరిగితే జవాబు చెప్పాల్సింది ఆయనే. ఏలుడు కూడా గట్లనే అనుకుంట నేనైతే.

ద్వితీయోపదేశకాండం 20:19 కూడా చదివించు, పట్నాన్ని ముట్టడేసినప్పుడు గూడ అక్కడి పండ్ల చెట్ల మీద గొడ్డలి ఎత్తొద్దని ఉంది, యుద్ధంలనే వద్దంటే పార్కింగ్‌కు ఎట్ల? (తర్వాతి వచనంలనే తినే పండ్లియ్యని చెట్లను నరకొచ్చని ఉంది, పెద్దలు అది పట్టుకొస్తరు చూడు, కానీ మీది చింతచెట్టాయె! మా ఊర్ల అయితే ఆరాధన అయినంక అవ్వలు కొంగుల చిగురు నింపుకొనే ఇంటికి పోతరు.)

కొట్లాట మాత్రం పెట్టుకోకు. టేపు పట్టుకపోయి షెడ్డు ఇంకో గోడ దిక్కు పడుతదేమో కొలిచి చూపియ్యి. ఎండాకాలం రేకుల కింద బండి సీటు ఎంత కాలుతదో వాళ్లకూ తెలుసు.