జొన్నరొట్టె అంచులు పగులుతున్నాయా? నీళ్లు మార్చండి

హనుమకొండ నుంచి ఒకరు అడిగారు: చల్లనీళ్లతో పిండి కలిపి జొన్నరొట్టె తడుతుంటే అంచులు పగిలి, ఎత్తగానే రెండు ముక్కలవుతోంది, ఎందుకని? చల్లనీళ్లతో కలిపినందుకే. మీ చేతిలో లోపం లేదు. గోధుమపిండిలో ఉండే సాగే గుణం జొన్నపిండికి లేదు. మసిలే నీళ్లు పడితేనే పిండి జిగురెక్కి పట్టుకుంటుంది.

1. రెండు గ్లాసుల పిండికి గ్లాసున్నర నీళ్లు, ఉప్పు వేసి బాగా మసలనివ్వండి.

2. పొయ్యి ఆపి పిండి పోసి, గరిటెతో కలిపి, ఐదు నిమిషాలు మూత పెట్టండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. అంతా ఒకేసారి పిసికి ఉండలు చేసి పెట్టకండి, చివరి ఉండ ఆరిపోతుంది. ఒక్క రొట్టెకు సరిపడా తీసుకుని, చెయ్యి తడుపుకుంటూ, గోరువెచ్చగా ఉండగానే రెండు నిమిషాలు గట్టిగా పిసకండి. ఉండను బొటనవేలితో నొక్కి చూడండి. అంచు చీలితే ఇంకో చెంచా నీళ్లు పోసి మళ్లీ పిసకాల్సిందే.

4. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరగానే తిప్పండి.

ఇంకా పగిలితే పిండి పాతదై ఉంటుంది. హనుమకొండలోనే ఉంటున్నారు కాబట్టి దగ్గరి గిర్నీలో పదిహేను రోజులకు సరిపడానే పట్టించుకోండి. ప్యాకెట్ పిండి ఎన్నాళ్ల కిందటిదో చూడకుండా నేనైతే కొనను.