ముందు ఆ కేబుల్ చుట్ట విప్పు

కోవెంట్రీ
ఆదివారం పొద్దున

చిట్టీ,

నిన్న రాత్రి రాజమండ్రి నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు చక్రాల ఇల్లు కొన్నదిరా తమ్ముడూ! కారు వెనక కట్టుకుని ఊళ్ళు తిరుగుతుందట. అన్నీ నీ బుద్ధులే వచ్చాయి దానికి" అంది. తిట్టిందో మెచ్చుకుందో తెలియలేదు కానీ, క్యారవాన్ లాగేది మీ ఆయన కాదు, నువ్వేనని విన్నాక మాత్రం నాకు మీసం ఉంటే మెలేసేవాణ్ణి.

తర్వాత నువ్వు పంపిన ఫొటో నాకూ పంపింది. మీ ఇంటి ముందు తెల్ల క్యారవాన్, లోపల లైట్లు, మెట్టు మీద చిన్నది వట్టికాళ్ళతో నిలబడి చెయ్యి ఊపుతోంది. ముద్దొచ్చింది. ఫొటో పెద్దది చేసి చూస్తే చక్రం పక్కన నారింజ రంగు కేబుల్ కనబడింది, జంతికలా చుట్టి గడ్డి మీద పెట్టారు. అంతే, నిద్ర పట్టలేదు. ఫోన్ చెయ్యొచ్చుగా అంది మీ అత్తయ్య. ఫోన్లో చెబితే నువ్వు "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ చుట్ట విప్పు. సైట్లో, అంటే క్యారవాన్లు ఆపుకునే చోట, కరెంటు తగిలించుకునే పోల్ అయిదు మీటర్ల దూరంలోనే ఉన్నా, కేబుల్ పాతిక మీటర్లూ విప్పి క్యారవాన్ కింద వదులుగా పరిచెయ్యాలి. కరెంటు పారుతుంటే వైరు కొద్దిగా వేడెక్కుతుంది. పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది, చుట్ట మీదుంటే లోపలి వరసల్లోనే ఉండిపోతుంది. వరసలన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి, మర్చిపోయిన బెల్లప్పాకంలా ముద్దకట్టిన కేబుల్ రీలు నేను చేత్తో పట్టుకుని చూశాను. దాని మీద నడిచింది ఒక్క రూమ్ హీటరే.

తగిలించేటప్పుడు ముందు క్యారవాన్ వైపు, తర్వాత పోల్ వైపు. తీసేటప్పుడు ముందు పోల్ వైపు. తగిలించాక లోపలి ఆర్‌సీడీ, అంటే కరెంటు కారితే తనంతట తానే పడిపోయే రక్షణ మీట, దాని మీద టెస్ట్ బటన్ నొక్కు, మీట టక్కున పడాలి. పడకపోతే ఆ రోజు కరెంటు లేకుండానే గడపండి.

ఇంకో సంగతి. ఇంటి వంటగది ప్లగ్గు నుంచి అడాప్టర్ పెట్టి క్యారవాన్‌కి కరెంటు ఇచ్చావని ఫొటోలోనే తెలుస్తోంది. ఈ దేశంలో చాలా ఇళ్ళకి ఎర్తు విడిగా రాదు, వీధిలోంచి న్యూట్రల్‌తో (కరెంటు తిరిగి వెళ్ళే తీగతో) కలిసి ఒకే తీగగా వస్తుంది. ఎప్పుడైనా వీధిలో ఆ తీగ తెగిందంటే మీ ఇంటి ఎర్తు మొత్తం కరెంటు ఎక్కుతుంది, దాంతోపాటు క్యారవాన్ ఒళ్ళూ ఎక్కుతుంది. ఇంట్లో అన్ని లోహాలూ ఒకదానికొకటి కట్టి ఉంటాయి, మీరు పొడి నేల మీద ఉంటారు కాబట్టి గండం తక్కువ. బయట తడి గడ్డి మీద నిలబడి క్యారవాన్ తలుపు పట్టుకునేవాడికి ఆ రక్ష లేదు. పైగా అప్పుడు ఆర్‌సీడీ కూడా పనికిరాదు, కరెంటు దాని గుండా కాక ఎర్తు తీగలోంచి వస్తుంది కాబట్టి. అందుకే 2002 నాటి ఇక్కడి నిబంధనలు అలాంటి ఎర్తును క్యారవాన్‌కి కలపొద్దంటాయి. సైట్లలో ఎర్తు రాడ్డు విడిగా భూమిలో దింపేది కూడా దానికే. ఇంటి దగ్గర తరచూ వాడేట్టయితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి విడిగా రాడ్డుతో ఒక సాకెట్ పెట్టించుకో. ఖర్చు అనుకోకు.

లెక్క కూడా చెబుతాను, నీకు లెక్కలంటే చిన్నప్పట్నుంచీ ఇష్టమే కదా. పోల్ మీద 16 ఆంపియర్లని రాసుంటే 230తో గుణించు, 3680 వాట్లు. ఇంట్లో వాడే కెటిల్ ఒక్కటే 3000 తినేస్తుంది. దానితోపాటు 2000 వాట్ల హీటర్ వేస్తే పోల్ మీద మీట పడుతుంది, తప్పు దానిది కాదు. నీ రైస్ కుక్కర్ 700 వాట్లే ఉంటుంది, నిక్షేపంగా వండుకో. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీని మాత్రం ఇంట్లోనే వదిలెయ్. ఆ గుండ్రటి పిన్నులకి చవక అడాప్టర్ తగిలిస్తారు, చాలావాటిల్లో ఎర్తు ఎక్కడికీ వెళ్ళదు. చట్నీ పొడి చేసి తీసుకెళ్ళండి.

మీటల్లో రెండు రకాలు, ఇది గుర్తుపెట్టుకో. ఎంసీబీ పడితే లోడు ఎక్కువైందని, లేదా ఎక్కడో రెండు తీగలు కలిశాయని. ఆర్‌సీడీ పడితే వెళ్ళిన కరెంటు అంతా తిరిగి రావట్లేదని, అంటే ఎక్కడో కారిపోతోందని. ముప్ఫై మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే చాలు, అది పడిపోతుంది. ఏది పడిందో చూడకుండా దేన్నీ పైకెత్తకు.

నేను చూడలేదు. చూసినా లెక్కచెయ్యలేదు. ఈ కథ మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు.

1996 ఆగస్టు. వేల్స్‌లో బార్మత్ దగ్గర సముద్రానికి ఎదురుగా ఒక పొలం సైటు. పాత క్యారవాన్, మేం కొని ఏడాదయింది. మూడు రోజులుగా ఒకటే వాన. మీ బావకి జ్వరం, పాలు కాచాలి. ఆర్‌సీడీ పడుతోంది, ఎత్తుతున్నాను, మళ్ళీ పడుతోంది. పదిసార్లు ఎత్తుంటాను. పక్క క్యారవాన్ పెద్దాయన గొడుగేసుకొచ్చి "సాయం కావాలా" అన్నాడు. నాకు పౌరుషం. నేనేమో ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌ని, వీడు నాకు చెప్పేదేంటి అనుకుని, నవ్వి పంపించేశాను.

తర్వాత ఏం చేశానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావట్లేదు. తడికి ఉత్తినే పడుతోంది, ఈ మీటకి భయమెక్కువ అనుకున్నాను. మన ఊళ్ళో మోటారు స్టార్టర్ డబ్బా జివ్వుమంటే చెప్పులేసుకుని కర్రతో నొక్కేవాళ్ళం కానీ ఎవరైనా బాగుచేయించారా? రెండు పిన్నుల ప్లగ్గులతో పెరిగినవాణ్ణి. ఎర్తు లేకపోయినా లైటు వెలుగుతుందన్న జ్ఞానం ఒంట్లో ఇంకిపోయింది. పోల్ దగ్గర ప్లగ్గు పీకి, క్యారవాన్ వైపు నీలం కనెక్టర్ విప్పి, ఆకుపచ్చ పసుపు చారల తీగ ఊడదీసి టేపు చుట్టాను. మళ్ళీ పెట్టాను. ఆర్‌సీడీ నిలబడింది! పాలు కాగాయి. మీ అత్తయ్య "ఎంతైనా చదువుకున్న ఎలక్ట్రీషియన్" అంది.

సాయంత్రం వాన తెరిపిచ్చింది. ఆవిడ సింకుల దగ్గర గిన్నెలు కడుక్కుని వట్టికాళ్ళతో గడ్డి మీద నడిచొస్తోంది. ఎడమ చంకలో స్టీలు గిన్నెలు. కుడిచేత్తో తలుపు అల్యూమినియం చట్రం పట్టుకుంది. గిన్నెలన్నీ ఒక్కసారి భళ్ళున పడ్డ చప్పుడు, అదే క్షణంలో లోపల మెయిన్ కరెంటు మీద నడిచే లైట్లన్నీ పోయాయి. బయటికి దూకి చూస్తే గడ్డిలో వెల్లకిలా పడుంది. పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అదీ తప్పే. కరెంటు ఇంకా ఉంటే నేనూ ఆవిడ పక్కనే పడేవాణ్ణి, లోపల జ్వరంతో ఉన్న పిల్లాడు ఒంటరివాడయ్యేవాడు. ముందు పోల్ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకాలి, ఆ తర్వాతే మనిషి.

కళ్ళు తెరిచి "ఏదో కొట్టిందండీ" అంది. చెయ్యి మర్నాటి దాకా తిమ్మిరిగానే ఉంది. డాక్టరు దగ్గరికి కూడా మర్నాడే తీసుకెళ్ళాను. అప్పుడే తీసుకెళ్ళాల్సింది.

తర్వాత తెలిసింది జరిగిందేమిటో. ఈస్టర్‌కి వెళ్ళినప్పుడు నీళ్ళు నింపకుండానే వాటర్ హీటర్ కరెంటు మీట వేశాను. లోపలి ఎలిమెంటు కాలి చిల్లుపడింది. అక్కణ్ణుంచి కరెంటు హీటర్ ఒంట్లోకి, ఎర్తు తీగ గుండా క్యారవాన్ చట్రంలోకి. ఎర్తు ఉన్నన్నాళ్ళూ అది భూమిలోకి పోయేది, ఆర్‌సీడీ పసిగట్టి పడేది. నేను ఆ దారి కోసేశాక కరెంటు ఎక్కడికీ పోలేదు. టైర్లు రబ్బరువి. క్యారవాన్ కాళ్ళు నేలలో దిగబడకుండా నేనే ప్లాస్టిక్ పలకలు వేశాను. క్యారవాన్ ఒళ్ళంతా 230 వోల్టులతో ఎవరైనా ముట్టుకుంటారేమోనని మూడు నాలుగు గంటలు ఎదురుచూసింది. చివరికి మీ అత్తయ్య కాళ్ళ గుండా భూమికి దారి దొరికింది, అప్పుడు ఆర్‌సీడీ పడింది. నేను పొద్దుణ్ణుంచి తిట్టిన ఆ మీటే! ఆ రోజు దాన్ని కూడా దాటించే తీగ వేద్దామని ఒక్క నిమిషం అనుకున్నాను చిట్టీ. వేసుంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఇప్పుడు మీట పడితే ఏం చెయ్యాలో చెబుతాను, ఇందులో విద్యేం లేదు, ఓపికే. ముందు పక్కవాళ్ళకి కరెంటు ఉందో లేదో అడుగు. నీకు లోపల లైట్లు వెలుగుతున్నాయి కదా అని మోసపోకు, అవి 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. పోల్ మీద మీట పడితే సైటు చూసుకునే వార్డెన్‌ని పిలువు, తాళం వేసిన డబ్బాలు మనవి కావు. కొన్ని పోళ్ళలో ప్లగ్గు దూర్చి కుడివైపు తిప్పితేగాని కరెంటు రాదు, అది చూసుకో. క్యారవాన్‌కి తగిలించకుండా ఉత్త కేబుల్‌నే పోల్‌కి పెట్టినా మీట పడితే తప్పు కేబుల్‌లోనో పోల్‌లోనో ఉంది, లోపల వెతకడం దండగ.

లోపలి ఆర్‌సీడీ పడితే ఎంసీబీలన్నీ దించు, ప్లగ్గులన్నీ పీకు. స్విచ్చు ఆపడం కాదు, పీకడం. మంచం వెనక సాకెట్లో మర్చిపోయిన ఫోన్ ఛార్జర్, టెంటులోకి లాగిన ఎక్స్‌టెన్షన్, అన్నీ. ఆర్‌సీడీ ఎత్తు. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తు, తర్వాత వస్తువులు ఒక్కొక్కటే పెట్టు. ఏది పెట్టగానే పడిందో అదే దొంగ. ఎక్కువసార్లు వాటర్ హీటరో, ఫ్రిజ్ ఎలిమెంటో, వానకి తడిసిన బయటి సాకెట్టో అవుతుంది. దాన్ని పక్కన పెట్టేసి మిగతావాటితో సెలవులు కానిచ్చెయ్. నీళ్ళు గ్యాస్ మీద కాచుకో. అన్నీ దించి, అన్నీ పీకినా ఆర్‌సీడీ నిలబడకపోతే అక్కడ ఆగిపో. కొన్ని ఎంసీబీలు ఫేజునే (కరెంటు వచ్చే తీగనే) తెంచుతాయి, న్యూట్రల్ వైపు నుంచి కారుతుంటే అవి దించినా లాభం లేదు. అది మీటరు పెట్టి చూసేవాడి పని.

మూతలు విప్పొద్దు. అల్లుడికి యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్ పట్టుకునే సరదా ఉందని తెలుసు, ఈ పేరా అతనికి చదివి వినిపించు. నీలం తీగ అంటే ఇక్కడ న్యూట్రల్, మన దగ్గర త్రీఫేజులో నీలం కూడా ఫేజే. ఆ అలవాటుతో చెయ్యి పెడితే అంతే సంగతులు. జేబులో పెట్టుకునే నియాన్ టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని కాదు, ఆ బుల్బు పోయిందని కూడా కావచ్చు. ఫ్యాక్టరీలో మేం రెండు ముళ్ళ టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్నచోట పెట్టి చూసి, తర్వాత పని చేసేచోట, మళ్ళీ కరెంటు ఉన్నచోట చూసేవాళ్ళం. ఏదైనా ముట్టుకోక తప్పదంటే పోల్ దగ్గర ప్లగ్గు పీకి, ఆ కొన తెచ్చి కారులో పెట్టి తాళం వెయ్. ఎవరో మంచివాడు "అయ్యో ఊడిపోయింది" అని తిరిగి తగిలించకుండా.

మీరు కొన్నది సెకండ్ హ్యాండ్ కాబట్టి, మొదటి ప్రయాణానికి ముందే క్యారవాన్ ఇంజనీర్‌తో కరెంటు టెస్టు చేయించి కాగితం తీసుకో. మూడేళ్ళకోసారి, తరచూ తిరిగేవాళ్ళయితే ఏటేటా చేయించాలి. డబ్బు నేనిస్తాను. వద్దంటావని తెలుసు, అయినా ఇస్తాను. ఫ్రాన్సు వెళ్ళేట్టయితే ముందే చెప్పు, అక్కడ ఫేజూ న్యూట్రలూ తారుమారై వచ్చే సాకెట్లుంటాయి, దానికి వేరే ఉత్తరం రాస్తాను.

వచ్చే శనివారం మేమిద్దరం వస్తున్నాం. నా టెస్టర్ తెస్తాను, అత్తయ్య పూతరేకులు తెస్తుంది. చిన్నదానికి రబ్బరు చెప్పులు కూడా కొన్నాం, ఎర్రవి, సైజు సరిపోతుందో లేదో. ఆవిడ మీ క్యారవాన్ ఎక్కేటప్పుడు ఒకటి గమనించు. ముందు తలుపుని కుడిచేతి వేళ్ళ వెనకవైపుతో తాకి చూస్తుంది. అరచేత్తో పట్టుకుంటే కరెంటుకి చెయ్యి బిగుసుకుపోతుంది, వెనకవైపైతే విదిలించుకొస్తుందని నేనే చెప్పాను. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఎవరి క్యారవాన్ ఎక్కినా అంతే. నన్ను ఒక్క మాట అనలేదు ఇంతవరకూ.

ఇట్లు
మామయ్య