సప్లయర్ల లిస్టు చూసి మామయ్య రాసిన ఉత్తరం

అమ్మాయీ,

నువ్వు పంపిన లిస్టు రాత్రి రెండుసార్లు చదివాను. ఏడాదికి ఎవరికి ఎక్కువ డబ్బు కడుతున్నారో వాళ్లను వరుసగా రాసి, పైనున్న పదిమందినీ క్రిటికల్ సప్లయర్లు, అంటే మనం గట్టిగా కన్నేసి ఉంచాల్సినవాళ్లు, అన్నావు. అకౌంట్స్ వాళ్లకు ఆ వరుస సరిపోతుంది, మన కారం నాణ్యతకు సరిపోదు.

నాణ్యత నిర్వహణ ప్రమాణం ఐఎస్ఓ 9001లో 8.4 క్లాజు మళ్లీ చదువు. క్రిటికల్ సప్లయర్ అన్న మాటే అందులో లేదు. బయటివాళ్ల సరుకు, పని వల్ల మనకు ఎంత దెబ్బ తగలొచ్చో చూసుకుని దానికి తగ్గ అదుపు పెట్టుకోమంటుంది. ఎవరు క్రిటికలో తేల్చుకోవాల్సింది మీరే.

ఒక్కో పేరు దగ్గర ఆగి ఇలా అడుగు: ఇతను తప్పు చేస్తే, లారీ గేటు దాటేలోపు మనకు తెలుస్తుందా? గోనె సంచి చిరిగితే కనిపిస్తుంది. టిక్కీలో, అంటే మిరప బస్తాలో, రంగు పోయిన తాలుకాయ ఉంటే విప్పగానే తెలుస్తుంది. బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ మాత్రం కంటికి ఆనదు. యూరప్‌లో మిరపకు అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములే. ఆ సంగతి చెప్పేది ల్యాబు. అందుకే బిల్లు ఎంత చిన్నదైనా ల్యాబు క్రిటికలే. ఆర్డర్ పెరిగినప్పుడు బయటి మిల్లు నుంచి కారం కొంటున్నారు కదా, ఆ మిల్లు కూడా. 2003లో యూరప్‌లో మన దేశపు కారంలో తిండిలో కలపకూడని సూడాన్ రంగు బయటపడి ఎంత గొడవైందో నాకు బాగా గుర్తుంది. రంగు కలిపిన కారం చూపుకు ఇంకా ఎర్రగా, బాగుంటుంది!

నా హయాంలో తేమ మీటరు కాలిబ్రేషన్ చేసే, అంటే అది సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూసే అతని పేరును ముఖ్యం కాదనుకుని లిస్టులో స్టేషనరీ షాపు పేరు పక్కన రాసుకున్నాం. ఒక సీజన్‌లో మీటరు 10 శాతం చూపిస్తుంటే కాయలో 13 ఉంది. 11 దాటకూడదని అందరికీ తెలుసు, కానీ మీటరును నమ్మి గోడౌన్‌కు ఎత్తించాం. నెల తర్వాత టిక్కీ విప్పితే బూజు వాసన. ఆ కాయ పండించిన రైతుల మొహాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అలాగని భయపడి అందరినీ క్రిటికల్ అనకు. నలభై పేర్లుంటే ఒక్కరి దగ్గరికీ ఆడిట్‌కు వెళ్లలేవు.

ఇంకొకటి, కోల్డ్ స్టోరేజీని వదిలేశావు. మన గుంటూరు ఎండల్లో అక్కడ కరెంటు పోయి, జనరేటర్ పని చేయకపోతే రంగు దిగిపోయేది మన కాయకే. ఈ వారమే వెళ్లి జనరేటర్, టెంపరేచర్ రిజిస్టర్ చూసి రా.

ఆశీస్సులతో,
మామయ్య