చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? చెరిపే ముందు రాసుకోండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డ్యాష్‌బోర్డులో వెలిగే ఆ పసుపురంగు ఇంజిన్ బొమ్మ గురించే. అందుకని మిగతావి పక్కన పెట్టి, చిన్న కార్లున్నవాళ్లు అడిగినవే తీసుకున్నాను.

ప్రశ్న: నాది తొమ్మిదేళ్ల పాత చిన్న పెట్రోలు కారు, నాలుగు సిలిండర్లు. నెల కిందట చెక్ ఇంజిన్ లైటు వెలిగితే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఏదో మిషన్ పెట్టి రెండు నిమిషాల్లో లైటు తీసేశాడు. మూడోరోజు మళ్లీ వెలిగింది. మళ్లీ తీశాడు, మళ్లీ వెలిగింది. ఇప్పుడు మా తమ్ముడు ఒక బ్లూటూత్ స్కానర్ ఇచ్చాడు. పెట్టి చూస్తే పి0302 అని వచ్చింది. నేనే తీసేసుకోవచ్చా? ఏమైనా పాడవుతుందా? పొద్దున స్టార్ట్ చేయగానే బండి కాస్త వణుకుతోంది కూడా.

జవాబు: కోడ్ అంటే బండిలోని కంప్యూటర్ తాను కనిపెట్టిన లోపానికి పెట్టే నంబరు. దాన్ని చదవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, చదివితే ఏమీ పాడవదు. తీసేయడమే ఆలోచించి చేయాలి. మీ మెకానిక్ చేసింది రిపేరు కాదు, జ్వరం తగ్గాలని థర్మామీటరు విదిలించడం. వణుకు అలాగే ఉంది, లైటు మాత్రం పోయింది, కంప్యూటర్ మళ్లీ కనిపెట్టగానే మళ్లీ వెలిగించింది. పాపం దాని తప్పేం లేదు.

స్కానర్ పెట్టడం మీకు వచ్చేసింది కానీ కొత్తవాళ్ల కోసం ఒకసారి చెబుతాను. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర, 16 పిన్నులుండే ఓబీడీ (బండి తన లోపాలు తానే చెప్పే ఏర్పాటు) సాకెట్ ఉంటుంది, కొన్ని బళ్లలో చిన్న మూత వెనక దాక్కుంటుంది. ఇంజిన్ ఆపి స్కానర్ గుచ్చి, స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు లైట్లన్నీ వెలిగేదాకా తాళం తిప్పాలి. బటన్ స్టార్ట్ బండి అయితే బ్రేక్ తొక్కకుండా బటన్ నొక్కాలి. అప్పుడు ఫోన్లో యాప్ తెరిచి కోడ్‌లు చదవమనడమే.

ఇప్పుడు మీ కోడ్. మొదటి అక్షరం పి అంటే ఇంజిన్, గేర్‌బాక్సు వైపు సంగతి. బి అయితే బాడీ, సి అయితే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి, యు అయితే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల గొడవ. తర్వాతి సున్నా అంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం ఉన్న కోడ్. అక్కడ 1 ఉంటే కంపెనీ సొంత కోడ్, నెట్‌లో దొరికిన అర్థం మీ బండికి వర్తించకపోవచ్చు. మూడోది 3 అంటే ఇగ్నిషన్, మిస్‌ఫైర్ గుంపు. చివరి 02 అంటే రెండో సిలిండర్. మొత్తం కలిపితే రెండో సిలిండర్ సరిగ్గా మండటం లేదు, మన భాషలో మిస్సింగ్. ఎందుకు మండటం లేదో మాత్రం కోడ్ చెప్పదు. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు కావచ్చు, దానికి కరెంటిచ్చే కాయిల్ కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు, ఆ సిలిండర్లో కంప్రెషన్ (గాలిని నొక్కే ఒత్తిడి) తగ్గి ఉండొచ్చు. కోడ్ వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు మనమే వెతుక్కోవాలి.

కాబట్టి ఇంకా ఏదీ చెరపకండి. ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేజీ తెరవండి. లోపం పట్టుబడిన క్షణంలో ఇంజిన్ ఎంత స్పీడులో తిరుగుతోంది, వేడి ఎంత, లోడ్ ఎంత, బండి వేగం ఎంత అనేవి కంప్యూటర్ అక్కడ దాచిపెడుతుంది. ఫొటో తీసి ఉంచుకోండి, ఎందుకంటే కోడ్ చెరిపితే ఇదీ పోతుంది, మీ మెకానిక్ రెండుసార్లూ పోగొట్టింది ఇదే. అందులో ఇంజిన్ చల్లగా ఉండి, బండి నిలబడి ఉన్నట్టు వస్తే మీరు చెప్పిన పొద్దుటి వణుకుతో సరిపోతుంది.

తర్వాత పని చాలా తేలిక. మీ బండిలో ఒక్కో సిలిండర్ మీద ఒక్కో కాయిల్ ఉంటే (చాలావరకు అలాగే ఉంటుంది), ఇంజిన్ పూర్తిగా చల్లారాక, స్విచ్ ఆఫ్‌లో ఉండగా, రెండో దాని కాయిల్ తీసి మూడోదానిమీద, మూడోదాన్ని రెండోదానిమీద పెట్టండి. ఒకటో సిలిండర్ ఎటువైపో మాన్యువల్లో చూసుకోండి, అడ్డంగా కూర్చున్న చిన్న ఇంజిన్లలో ఎక్కువగా బెల్టులున్న వైపు నుంచి లెక్క మొదలవుతుంది. కనెక్టర్ లాక్ నొక్కి పట్టుకుని లాగండి, వైరు పట్టుకుని కాదు, పాత ప్లాస్టిక్ చిటుక్కున విరుగుతుంది. ఇప్పుడు కోడ్ చెరిపి బండి నడపండి. ఈసారి పి0303 వస్తే లోపం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లింది, కాయిల్ మార్చాలి. మళ్లీ పి0302నే వస్తే కాయిల్ నిర్దోషి, ఇదే ఆట స్పార్క్ ప్లగ్గులతో ఆడండి. అప్పటికీ రెండులోనే ఉంటే ఇంజెక్టరూ కంప్రెషనూ చూడాలి, అక్కడ మెకానిక్ అవసరం పడుతుంది, కానీ ఈసారి మీరు చేతిలో కాగితంతో వెళ్తారు. చెరపడం వల్ల ఉపయోగం ఇదీ: మనం చేసిన మార్పు పనిచేసిందో లేదో కనిపెట్టడానికి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. లైటు నిలకడగా వెలిగితే నిదానంగా ఇల్లు చేరొచ్చు. అది టకటకా కొట్టుకుంటూ ఉంటే మాత్రం మిస్సింగ్ తీవ్రంగా ఉందని, మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలుతోందని అర్థం. కాలు తేల్చి, పక్కకు ఆపేయండి. ఒక ప్లగ్గుతో పోయేదాన్ని కన్వర్టర్ దాకా తెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు, టెంపరేచర్ ఎర్ర లైటు ఇంకో కథ, వాటికి స్కానర్ వెతుక్కునేంత టైము కూడా లేదు, వెంటనే ఇంజిన్ ఆపాలి.

ప్రశ్న: పి0420 వచ్చింది. యాప్‌లో "క్యాటలిస్ట్ సామర్థ్యం తక్కువ" అని రాసి ఉంది. కన్వర్టర్ మార్చేయమంటున్నారు. వేరే దారి లేదా?

జవాబు: ఈ కోడ్ చూసి కన్వర్టర్ మార్చడం, దగ్గు వచ్చిందని ఊపిరితిత్తులు మార్చడం. తొందరపడకండి. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. ముందుది మామూలు రకం అయితే వేడెక్కిన ఇంజిన్లో 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉంటుంది, వెనకది కదలకుండా దాదాపు ఒకేచోట కూర్చోవాలి. యాప్‌లో రెండిటి గ్రాఫూ పక్కపక్కన పెట్టి, ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని చూడండి. వెనకది కూడా ముందుదానిలాగే గెంతుతుంటే కన్వర్టర్ నీరసపడిందన్న అనుమానం బలపడుతుంది. వెనకది నిలకడగా ఉంటే ముందుగా పైపుల జాయింట్లలో లీకు, ఆ సెన్సర్ వైరు చూడండి. (కొన్ని కొత్త బళ్లలో ముందు సెన్సర్ వేరే రకం, అది ఇలా ఊగదు, అందుకని దాన్ని చూసి కంగారుపడొద్దు.) కన్వర్టర్ నిజంగానే పోయిందని తేలినా, ఎందుకు పోయిందో అడగకుండా కొత్తది వేయకండి. పాత మిస్సింగో, ఆయిల్ తాగడమో అలాగే ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది.

ప్రశ్న: పి0171, లీన్ అంటోంది. ఆక్సిజన్ సెన్సర్ మార్చాను, పది రోజులకు మళ్లీ వచ్చింది. డబ్బు పోయింది, కోడ్ పోలేదు.

జవాబు: మీరొక్కరే కాదు. నేనూ ఒకప్పుడు పి0135, అంటే ముందు సెన్సర్ హీటర్ సర్క్యూట్ కోడ్ చూసి కొత్త సెన్సర్ బిగించి, నాలుగు రోజులు తల గోక్కుని, చివరికి పోయింది ఒక్క ఫ్యూజు అని తెలుసుకున్నవాణ్ణే. సర్క్యూట్ అన్న మాట కనిపిస్తే ఫ్యూజు, కనెక్టర్, వైరు, ఆ తర్వాతే సెన్సర్, ఈ వరుస అప్పుడు నేర్చుకున్నాను.

మీ విషయంలో సెన్సర్ తప్పు చెప్పలేదు, నిజమే చెప్పింది: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. యాప్ లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచి, తగ్గించి సరిచేస్తోందో చెప్పేది) అని రెండు అంకెలు ఉంటాయి, అప్పటికప్పుడు దిద్దుకునేది షార్ట్ టర్మ్, అలవాటుగా మారినది లాంగ్ టర్మ్. సున్నాకి దగ్గరగా ఉంటే బండి హాయిగా ఉన్నట్టు. ప్లస్‌లో 10 శాతం దాటితే కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోసి నెట్టుకొస్తోందని అర్థం, 25 దగ్గరికి వెళ్లేసరికి చాలా బళ్లు చేతులెత్తేసి ఈ కోడ్ వేస్తాయి.

ఇప్పుడు అసలు కిటుకు. ఇంజిన్ వేడెక్కాక ఊరికే తిరుగుతున్నప్పుడు (ఐడిలింగ్) రెండూ కూడితే ఎంతో చూడండి, తర్వాత 2500కి రేస్ చేసి అర నిమిషం పట్టి చూడండి. ఊరికే ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, రేస్ చేస్తే తగ్గిందంటే ఎక్కడో రబ్బరు పైపు పగిలి దొంగగాలి లోపలికి వస్తోంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ తీసుకునే గాలే తక్కువ, అందులో ఆ కాస్త దొంగగాలీ పెద్ద వాటా అవుతుంది, రేస్ చేసినప్పుడు అసలు గాలి వరదలా వస్తుంది కాబట్టి దాని లెక్క కనబడదు. దీనికి విరుద్ధంగా, ఎక్కువ స్పీడులోనో ఎత్తు ఎక్కేటప్పుడో ట్రిమ్ పెరుగుతూ పోతే పెట్రోలు చాలడం లేదు: ఫిల్టరో పంపో చూడాలి, లేదంటే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికి పట్టి తక్కువ చెబుతోంది. ఆ సెన్సర్‌కు దానికోసమే అమ్మే స్ప్రే వాడాలి, గుడ్డ పెట్టి తుడిచారా, లోపలి సన్నటి తీగ అయిపోయినట్టే.

ప్రశ్న: స్కానర్ ఎందుకు, బ్యాటరీ టెర్మినల్ పది నిమిషాలు తీసి పెడితే లైటు పోతుంది కదా?

జవాబు: చాలా బళ్లలో పోతుంది. దానితోపాటు రేడియో, గడియారం, అద్దాలు ఒక్క నొక్కుతో దిగే సెట్టింగూ, ఐడిలింగ్‌కు కంప్యూటర్ అలవాటు చేసుకున్నవీ పోవచ్చు. లోపం ఏంటో తెలుసుకునే అవకాశమైతే కచ్చితంగా పోతుంది. వద్దు.

ప్రశ్న: వచ్చే వారం పొగ పరీక్ష ఉంది. ముందురోజు రాత్రి కోడ్ చెరిపేసి వెళ్తే సరిపోతుందా?

జవాబు: ఓబీడీ సాకెట్‌కు మిషన్ పెట్టి చూసే చోట దొరికిపోతారు. కోడ్ చెరపగానే కంప్యూటర్ తన స్వయం పరీక్షలన్నిటి ఫలితాలనూ చెరిపేసుకుని మొదటి నుంచి మొదలుపెడుతుంది, వాటినే రెడీనెస్ మానిటర్లంటారు. అవి "పూర్తి కాలేదు" అని కనిపిస్తే ఎవరో నిన్ననే చెరిపారని అక్కడివాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. చల్లటి స్టార్టు, ఊళ్లో కొంత, హైవే మీద ఒకే వేగంతో కొంత, ఇలా కొన్ని రోజులు కలిపి నడిపితే గానీ అన్నీ పూర్తికావు. ట్యాంకు మరీ ఖాళీగా గానీ, మరీ నిండుగా గానీ ఉంటే పెట్రోలు ఆవిరి లీకు పరీక్ష అసలు మొదలే కాదు. పైగా 2010 మోడళ్ల నుంచి అమెరికా బళ్లలో శాశ్వత కోడ్ అని ఒకటి మొదలైంది, దాన్ని ఏ స్కానరూ చెరపలేదు, లోపం పోయిందని కంప్యూటర్ తానే నమ్మితేనే పోతుంది. ఇంకో సంగతి, నిజంగా బాగుచేశారనుకోండి, మీరు చెరపకపోయినా వరసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లు (స్టార్ట్ చేసి, నడిపి, ఆపడం ఒక సైకిల్) లోపం లేకుండా నడిస్తే లైటు దానంతటదే ఆరిపోతుంది.

ప్రశ్న: స్కానర్ లైటు వెలుగుతోంది కానీ ఐఫోన్ దాన్ని పట్టుకోవడం లేదు. మా ఆవిడ ఆండ్రాయిడ్ ఫోన్‌కు మాత్రం వెంటనే కలిసింది. స్కానర్ని బండికే వదిలేయొచ్చా?

జవాబు: పాత రకం బ్లూటూత్ అడాప్టర్లు ఐఫోన్‌తో కలవవు, దానికి బ్లూటూత్ ఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం) ఉన్నదో వైఫై ఉన్నదో కావాలి. ఆండ్రాయిడ్ పిన్ అడిగితే 1234 గానీ 0000 గానీ కొట్టండి. ఇక వదిలేయడం గురించి: ఆ సాకెట్‌కు 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు బండి ఆపినా వస్తూనే ఉంటుంది. చవక అడాప్టర్లు చాలా వరకు నిద్రపోవు, వారం రోజులు బండి కదపకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు. పని అవగానే పీకేయండి.

ప్రశ్న: మా నాన్నగారి 1994 కారు. స్టీరింగ్ కింద ఎంత వెతికినా 16 పిన్నుల సాకెట్ లేదు. చెక్ ఇంజిన్ లైటు మాత్రం ఉంది!

జవాబు: వెతకడం ఆపేయండి, ఉండదు. ఈ ఏర్పాటు అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. చాలావాటిలో డయాగ్నస్టిక్ కనెక్టర్లో రెండు టెర్మినళ్లను చిన్న వైరుతో కలిపి తాళం తిప్పితే అదే లైటు కొట్టుకుంటూ కోడ్ చెబుతుంది: రెండుసార్లు కొట్టి, ఆగి, ఒకసారి కొడితే 21. ఏ రెండు టెర్మినళ్లో ఆ బండి సర్వీస్ మాన్యువల్లో చూడకుండా వైరు పెట్టకండి, తప్పు చోట కలిపితే కంప్యూటర్ కాలిపోవచ్చు. పక్కన ఎవరినైనా కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోబెట్టండి. ఒక్కడే ఉండి లెక్కపెడితే మూడో కోడ్ దగ్గర తప్పకుండా మర్చిపోతారు.