బై ఇట్ నౌ ధరను నమ్ముకుని అప్పు చేస్తారా?

ప్రశ్న: పాత కెమెరా లెన్స్‌లను ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో కొని, తిరిగి అక్కడే అమ్ముతుంటాను. నెల జీతానికి తోడు ఇది పక్క ఆదాయం. ఇప్పుడు చేతిలో 14 లెన్స్‌లున్నాయి. ఒక్కోటి సగటున 8,000 పడింది, మొత్తం క్రెడిట్ కార్డు మీదే. వేలాన్ని 1,000తో మొదలుపెట్టి, పక్కనే బై ఇట్ నౌ (బిడ్ లేకుండా వెంటనే కొనుక్కునే స్థిర ధర) 13,000 పెడుతున్నాను. ఆ ధరకు ఒక్కటీ పోవడం లేదు, వేలం 9,000 దగ్గరే ఆగిపోతోంది. వ్యక్తిగత రుణం తీసుకుని సరుకు పెంచితే గిట్టుబాటు అవుతుందా? పొదుపు ఖాతాలో ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బుంది.

జవాబు: అవదు. రుణం ఆలోచన మానుకోండి. నష్టానికి పోతున్న సరుకును ఇంకా ఎక్కువ కొంటే నష్టమే పెరుగుతుంది. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం, ఈ పొరపాటు చాలామంది చేస్తున్నదే కావడం. బై ఇట్ నౌ గడిలో తాము టైపు చేసిన అంకెనే రాబడిగా లెక్కేసుకుని, దాన్ని చూసుకుని బాకీ పడుతున్నారు.

ముందు ఆ 13,000 ఎందుకు పనిచేయడం లేదో చూద్దాం. ఈబేలో ఈ సదుపాయం 2000లో వచ్చింది. దీన్ని వేలంతో కలిపి పెడితే, చాలా విభాగాల్లో మొదటి బిడ్ పడగానే స్థిర ధర మాయమైపోతుంది. రిజర్వు ధర, అంటే ఇంతకు తక్కువకు అమ్మనని అమ్మేవాడు పెట్టుకునే హద్దు, ఉన్నవాటిలో మాత్రం బిడ్లు ఆ హద్దు చేరేదాకా ఉంటుంది. అప్పట్లో యాహూ వేలాల్లో ఉన్న బై నౌ ఇలా కాదు, చివరిదాకా కనిపించేది. మీరు 1,000తో మొదలుపెట్టినప్పుడు ఎవరో ఒకరు ఆ వెయ్యికి బిడ్ వేస్తారు, 13,000 తెర మీద నుంచి పోతుంది. చౌకగా కొట్టేయాలనుకునే వాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. అంటే ఆ ధర ఇచ్చి వెంటనే తీసుకెళ్లే తొందర ఉన్నవాడు వచ్చేసరికే మీరు తలుపు వేసేస్తున్నారు.

ఇక లెక్క. వేదిక రుసుములు 13 శాతం, తిరిగొచ్చే సరుకు కోసం 3 శాతం, రవాణా 400 అనుకుందాం. కొన్న 8,000కు రవాణా కలిపితే 8,400. రుసుములు, వాపసులు పోను అమ్మిన ధరలో చేతికొచ్చేది 84 శాతమే కాబట్టి, ఆ 8,400ను 0.84తో భాగిస్తే 10,000. అంతకు తక్కువకు అమ్మితే చేతి నుంచి పోయినట్టే. 9,000కు అమ్మిన ప్రతి లెన్స్ మీదా మీకు 840 నష్టం, వడ్డీ కలపకుండానే. పోనీ 10,000తో మొదలుపెట్టి రెండూ ఉంచుదామంటే, ఈబే నిబంధన ప్రకారం బై ఇట్ నౌ ధర ప్రారంభ ధర కన్నా కనీసం 30 శాతం ఎక్కువ ఉండాలి. అది మళ్లీ 13,000కే వస్తుంది. అదే లెన్స్‌లు ఇటీవల 11,500 దగ్గర అమ్ముడై ఉంటే, 13,000కు ఎవరు కొంటారు? అందుకే మామూలు లెన్స్‌లకు ఈ జోడింపు వద్దు. వేలం తీసేసి 11,800 స్థిర ధర పెట్టండి. బేరానికి వీలు ఉంచి, 10,800 లోపు ప్రతిపాదనలు వాటంతటవే తిరస్కరణకు గురయ్యేలా అమర్చండి. వెంటనే చెల్లించాలనే షరతు తప్పనిసరి. వేలం గెలిచి డబ్బు కట్టనివాళ్ల వెంట పడే వారం రోజులు మిగులుతాయి. ధర కోసం చూడాల్సింది అమ్ముడైన వాటి జాబితాను. పక్కవాళ్లు అడుగుతున్న ధరలు కేవలం వాళ్ల ఆశలు.

అయితే స్థిర ధరకు అమ్మాలంటే ఆగాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. వేలం ఏడు రోజుల్లో ఏదో ఒక ధరకు డబ్బు చేస్తుంది, స్థిర ధర మంచి ధరకు చేస్తుంది కానీ ఎప్పుడో చెప్పదు. 11,500కు అమ్మితే మీకు మిగిలేది 1,260. కార్డు వడ్డీ నెలకు 3 శాతమైతే 8,000 మీద 240. ఐదు నెలలు అమ్ముడుపోకపోతే 1,200 వడ్డీకే పోతుంది. ఇక మీరు ఎవరి కోసం వ్యాపారం చేస్తున్నట్టు? మీ చేతిలో ఒక నెల డబ్బే ఉంది. ఒక ఆసుపత్రి బిల్లు వచ్చినా, జీతం ఆలస్యమైనా, లెన్స్‌లన్నీ మళ్లీ 1,000 వేలానికి వెళ్తాయి. కొనేవాడి తొందర మీకు లాభం, మీ తొందర కొనేవాడికి లాభం. ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉన్నవాడే 11,800 దగ్గర నిలబడగలడు. ఆ నిధిని వ్యాపారపు డబ్బుతో కలపకండి. అమ్మకం సొమ్ము కూడా, సరుకు వాపసు గడువు ముగిసేదాకా మీది కాదు.

కాబట్టి వరుస ఇది. కార్డుతో కొనడం ఈ రోజే ఆపండి. త్వరగా పోయే ఆరు లెన్స్‌లను 11,000 స్థిర ధరకు పెట్టండి. రుసుములు, రవాణా పోను ఒక్కోదానికి 8,840 వస్తుంది, ఆరింటికి 53,040. అదంతా కార్డుకే. లక్షా 12 వేల బాకీ 59 వేల దగ్గరకు దిగుతుంది, నెల వడ్డీ దాదాపు సగమవుతుంది. జీతంలో మిగిలేది అత్యవసర నిధికే. బాకీ సున్నా అయ్యి, నిధిలో ఆరు నెలల ఖర్చులు చేరాకే కొత్త సరుకు, అదీ సొంత డబ్బుతో. ఆరోగ్య బీమా లేకపోతే నిధి కన్నా ముందే తీసుకోండి. ఫండ్లు, బంగారం గురించి ఆ తర్వాత రాయండి.

మీరు కొనేది కూడా వేలంలోనే కదా, అక్కడా జాగ్రత్త. మాల్మెండియర్, లీ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే బోర్డు ఆటకు సంబంధించిన ఈబే వేలాలను పరిశీలించారు. అదే వస్తువు అదే సమయంలో స్థిర ధరకు దొరుకుతున్నా, 42 శాతం వేలాల్లో తుది ధర దాన్ని మించిపోయింది. రవాణా ఖర్చు కలిపి చూస్తే 73 శాతం. బిడ్ వేసేముందు అదే స్థితిలో ఉన్న లెన్స్‌కు రవాణాతో కలిపి అతి తక్కువ స్థిర ధర ఎంతో రాసుకుని, అంతకు తక్కువనే గరిష్ఠ బిడ్‌గా ఒక్కసారి నమోదు చేసి వదిలేయండి. వ్యవస్థే అవసరమైనంత మేర పెంచుకుంటూ పోతుంది. ఆఖరి నిమిషంలో కూర్చుని అంకె పెంచడం మొదలుపెడితే మీరూ ఆ 42 శాతంలో చేరినట్టే.

మీ 14లో ధర ఎంతో ఎవరికీ సరిగ్గా తెలియని అరుదైన లెన్స్ ఏదైనా ఉంటే, దాన్ని మాత్రం వేలానికే పెట్టండి. మొదలు 10,000, పక్కన బై ఇట్ నౌ లేకుండా.