శనక్కాయ చేలో చెవులపిల్లులు: ఉచ్చు ఎంత ఎత్తులో కట్టాలి?

రైతు సందేహం: మాది చంద్రగిరి మండలంలో కొండకు ఆనుకున్న ఊరు. ఎకరన్నరలో శనక్కాయ వేశాను. మొలిచి పన్నెండు రోజులైంది. కంచె పక్క సాళ్లలో చెవులపిల్లులు (అడవి కుందేళ్లు) రాత్రికి రాత్రి లేత చెట్లు కొరికేస్తున్నాయి. పక్కనే అర ఎకరంలో పోయినేడు నాటిన మామిడి మొక్కల బెరడు కూడా గీకుతున్నాయి. విదేశాల్లో కంచె పొడవునా తీగ ఉచ్చులు కట్టి కుందేళ్లను పట్టడం ఫోన్లో చూశాను. నా దగ్గర పాత బైకు క్లచ్ వైర్లున్నాయి. ఉచ్చు ఎంత వెడల్పు ఉండాలి, నేలకు ఎంత ఎత్తులో కట్టాలి?

జవాబు: మీరడిగిన కొలతలు నేను చెప్పలేను. విత్తనానికి, దుక్కికి అప్పు చేసి, వాన కోసం ఆకాశం చూసి వేసిన పైరు పొద్దున లేచేసరికి మొండాలై కనిపిస్తే ఎంత కడుపు మండుతుందో నాకు తెలుసు. అయినా ఆ తీగలు పక్కన పడేయండి. ఎందుకో చెబుతాను, బదులు ఏం చేయాలో అంతకంటే వివరంగా చెబుతాను.

చెవులపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. ఆ చట్టంలో వేట అంటే తుపాకితో కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, వల పన్నడం, ఎర పెట్టడం, పట్టడానికి ప్రయత్నించడం కూడా వేటే. అంటే ఉచ్చులో ఏమీ పడకపోయినా కేసు కేసే. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. 'నా చేలో నేను కట్టుకున్నా' అంటే చెల్లదు. పైరుకు నష్టం మరీ ఎక్కువైతే అనుమతి ఇచ్చే అధికారం అటవీ శాఖ పై అధికారులకు ఉంది. నష్టం ఫోటోలతో వాళ్లకు అర్జీ పెట్టుకోవచ్చు, అంతేగానీ మనంతట మనం చేతిలోకి తీసుకోకూడదు.

చట్టం కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటుంది. ఒకసారి చేల పరిశీలనకు వెళ్లినప్పుడు ఒక రైతు తన కుక్క రెండు రోజులుగా కనబడలేదన్నాడు. కంచె మూల కంప కింద దొరికింది. క్లచ్ వైరు మెడ చుట్టూ బిగిసి, బొచ్చు దాటి తోలులోకి దిగిపోయింది. కుక్క గింజుకునే కొద్దీ తీగ ఇంకా బిగిసిపోయింది. కటింగ్ ప్లేయరుతో కోస్తుంటే అది నా చెయ్యి నాకింది. ఆ ఉచ్చు చెవులపిల్లి కోసం ఆ రైతు తన చేత్తో కట్టిందే. కుక్క బతికింది, కానీ ఆ మనిషి మాట్లాడలేకపోయాడు. ఉచ్చుకు కళ్లుండవు. మేకపిల్ల పడుతుంది, నెమలి పడుతుంది, శేషాచలం అంచున ఉన్న మీలాంటి ఊళ్లలో చిరుత కూడా పడొచ్చు. నక్క పడితే నష్టం మీకే. చెవులపిల్లుల్నీ, చేలో ఎలుకల్నీ తిని అదుపులో పెట్టేవి నక్కలు, అడవి పిల్లులే.

ఇక ఆ వీడియో సంగతి. అక్కడివి వేరే కుందేళ్లు. ఆస్ట్రేలియాలో 1859లో వేట సరదా కోసం వదిలిన ఐరోపా కుందేళ్లు దేశమంతా పాకి పచ్చిక బీళ్లను నాశనం చేశాయి. వాటిని ఆపడానికి పశ్చిమాన వెయ్యి మైళ్లకు పైగా పొడవు కంచె కట్టారు, 1950లో రోగకారక వైరస్‌నే వదిలారు. ఆ కుందేళ్లు నేలలో బొరియలు తవ్వి గుంపులుగా ఉంటాయి. మన చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డిలోనో పొద కిందో ఒళ్లు పట్టేంత పడక చేసుకుని పగలంతా కదలకుండా పడుకుంటుంది. బొరియలో పుట్టే కుందేలు పిల్లలు కళ్లు తెరవకుండా, బొచ్చు లేకుండా పుడితే, చెవులపిల్లి పిల్లలు కళ్లు తెరిచి, బొచ్చుతోనే పుడతాయి. ఆ దేశపు పద్ధతి మన చేలకు అతకదు. మీకు పనికొచ్చేది దాని పడక సంగతే: కంచె వెంబడి గడ్డి, ముళ్లపొదలు పెంచారంటే చెవులపిల్లికి ఇల్లు కట్టించి పక్కనే భోజనం పెట్టినట్టే.

ముందు దొంగ ఎవరో నిర్ధారించుకోండి. కొరికిన మొండెం చూడండి: చెవులపిల్లి కొరికితే కత్తితో కోసినట్టు ఏటవాలుగా, నున్నగా ఉంటుంది. పశువులు, జింకలు మేస్తే పీకినట్టు పీచులుగా చిరుగుతుంది. చెవులపిల్లి పెంటికలు మేకవాటికంటే గుండ్రంగా, కాస్త చదునుగా, ఎండిపోయి ఉంటాయి, లోపల గడ్డి పీచు కనబడుతుంది. సాయంత్రం కంచె సందుల దగ్గర బూడిదో మెత్తటి మట్టో చల్లండి. పొద్దున్నే అడుగులు చూస్తే, చిన్నవి రెండు వెనక, పొడవుగా ఉన్న రెండు ముందు పడి ఉంటాయి. ముందున్నవి వెనక కాళ్లవి, ఎగిరి ఎగిరి పోతుంది కాబట్టి. గిట్టల అచ్చులైతే అడవిపందులు, మూడు వేళ్లయితే నెమళ్లు. గింజలు తవ్వి తిన్నట్టుంటే చెవులపిల్లి పనే కాదు.

అడుగులు పడిన చోట్లు మీకు మూడో నాలుగో దొరుకుతాయి. అవి రోజూ వాడే దారులు. ఎండిన కంప కంచె కింద ఏటికేడాది సందు పెరుగుతుంది, మనం పైన చూసి గట్టిగానే ఉంది అనుకుంటాం. ఆ చోట్ల, వీలుంటే కొండ వైపు అంచంతా, కోళ్ల జాలీ కట్టండి. కన్ను అంగుళంపావు మించకూడదు, ఎత్తు మూడు అడుగులైనా ఉండాలి. అడుగున అర అడుగు జాలీని బయటి వైపుకు మడిచి నేల మీద పరిచి రాళ్లు పెట్టండి. జంతువు కంచె మొదట్లోనే గీరుతుంది, అడుగు వెనక్కి వెళ్లి గీరాలన్న ఆలోచన దానికి రాదు. ఈ మడత లేకుండా జాలీ ఎంత మంచిదైనా దండగే. జాలీ ఖర్చు భారమైతే ఈ మూడు నాలుగు వారాలకు పాత చీరలు నేలకు ఆనేలా బిగించి కట్టినా కొంత ఆపుతుంది. చేపల వలలు మాత్రం వద్దు, పాములు చుట్టుకుపోయి చస్తాయి. కంచె లోపలా బయటా రెండు మీటర్ల మేర గడ్డి, పొదలు కొట్టేయండి. చుట్టూ ఆముదం సాళ్లు వేయమని ఎవరైనా చెబితే, అది అడవిపందుల కోసం చెప్పే మాట. చెవులపిల్లికి చెట్ల మధ్య సందు చాలు.

మామిడి మొక్కలకు ఒక్కొక్క దానికి జాలీ గొట్టం తొడగండి. రెండు అడుగుల ఎత్తు చాలు, కాండానికి తగలకుండా వెదురు పుల్లలతో నిలబెట్టండి. బెరడు చుట్టూ పూర్తిగా పోయిన మొక్క ఆగదు, దాన్ని మార్చేయండి. ఒక పక్క గీకినదైతే కోలుకుంటుంది.

కుళ్లిన కోడిగుడ్డు చల్లితే ఆ వాసనకు చెవులపిల్లులు కొన్నాళ్లు దూరంగా ఉంటాయి. అయితే వాన పడిన ప్రతిసారీ మళ్లీ చల్లాలి, దాన్నే నమ్ముకోవద్దు. గుళికల మందు కలిపిన తవుడు పెట్టడం, కంచెకు కరెంటు ఇవ్వడం మీ ఆలోచనలోకి కూడా రానివ్వకండి. పక్క చేను మనిషో, బడికి పోయే పిల్లో ప్రాణం పోగొట్టుకుంటే ఏ పంటా ఆ బాకీ తీర్చదు.

పైరు సంగతి. కొరికిన చెట్లను పీకేయకండి. నేలకు దగ్గర్లో గింజ బద్దలు ఇంకా ఉంటే వాటి పక్క నుంచి కొమ్మలు వస్తాయి. వారం ఆగి చూడండి. బద్దలతో సహా పోయిన చోట్ల అదే రకం విత్తనాన్ని శుద్ధి చేసి, తేమ ఉండగానే వెంటనే నాటండి. ఇంకో పది రోజులు దాటితే వెనక మొలిచినవి ముందు చెట్ల నీడలో కాయలు పట్టవు. ముదిరిన శనక్కాయ మీద చెవులపిల్లికి మోజు తగ్గుతుంది కాబట్టి మీరు కాపు కాయాల్సింది ప్రధానంగా ఈ నెలే.

ఇప్పటికే ఒకటి రెండు తీగలు కట్టి ఉంటే ఈ సాయంత్రమే వెళ్లి తీసేయండి. ఎన్ని కట్టారో గుర్తు చేసుకుని, లెక్క సరిపోయేదాకా వెతకండి. మరిచిపోయిన ఒక్క ఉచ్చు ఏళ్ల తరబడి కంపలో అలాగే వేలాడుతుంది.